ఏలూరులో ప్రశ్న, కొల్లేట్లో జవాబు

దిగకూడని స్టేషన్

ఏలూరులో దిగవలసినదాన్ని తాడేపల్లిగూడెంలో దిగాను. గుంటూరులో బండి మారినప్పుడు కిటికీ పక్కన చోటు దొరికింది. కాసేపు కళ్ళు మూసుకుందామనుకున్నాను. తెరిచేసరికి ఏలూరు వెళ్ళిపోయి చాలాసేపైంది. ఎదురుగా కూర్చున్నావిడ "అయ్యో, ఏలూరాండీ? ఒక్కమాట చెప్పుంటే లేపేదాన్ని కదండీ" అని నా తప్పుకు తను నొచ్చుకుంది. మా కర్నూలులో అయితే ముందు నాకు నాలుగు చీవాట్లు పడేవి.

2005లో, చలి వెనకబడి ఎండ ఇంకా ముదరని రోజులు. నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఊళ్ళు చూడాలన్న సరదా నాకు ఎప్పుడూ లేదు. ఆ ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం.

దూరవిద్యలో బి.ఏ. చదివేవాళ్ళ కోసం వేసిన పుస్తకంలో అమెరికా విదేశాంగ విధానం మీద పాఠం నేను రాశాను. ఆ విధానాన్ని ఎవరు తయారుచేస్తారు, రెండు వందల ఏళ్ళలో అది ఎలా మారుతూ వచ్చింది అన్నదే అందులో విషయం. విద్యార్థులకు సులువుగా ఉంటుందని ఒక బొమ్మ కూడా వేశాను. పైన అధ్యక్షుడి గడి. ఒక పక్క కాంగ్రెసు, ఇంకో పక్క విదేశాంగ శాఖ, రక్షణ శాఖ. కింద గూఢచారి సంస్థలు, పత్రికలు, పెద్ద వ్యాపారాలు. వాటి మధ్య బాణాలు. అన్ని బాణాలూ చివరికి "ఇతర దేశాలు" అనే గడిలోకి దిగుతాయి. ఆ బొమ్మ బాగుందని తోటి లెక్చరర్లు మెచ్చుకున్నారు కూడా.

ఉత్తరం ఏలూరు నుంచి వచ్చింది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు.

"అమ్మా, నా పేరు రహీమున్నీసా. తివాచీలు నేస్తాను. నలభై దగ్గరపడ్డాక బి.ఏ. కట్టాను. మీ పాఠం మూడుసార్లు చదివాను. నా భర్త మస్తాన్ కువైట్‌లో ఒక కంపెనీకి లారీ డ్రైవరు. ఇరాక్‌లో అమెరికా సైన్యం క్యాంపులకు మంచినీళ్ళు తోలేవాడు. పోయిన వానాకాలం నుంచి కబురు లేదు. మీరు వేసిన బొమ్మలో ఆయన గురించి ఏ గడికి ఉత్తరం రాయాలి? పరీక్ష కోసం కాదమ్మా. నిజంగానే అడుగుతున్నాను."

జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ చింపేశాను. చివరికి వస్తున్నానని మాత్రం కార్డు రాసి బయల్దేరాను.

ఉల్లిపాయలు, గోధుమ నూక

స్టేషన్ బయట మొదట తగిలింది ఉల్లిపాయల వాసన. గూడెం ఉల్లి మార్కెట్టు చాలా పెద్దది. లారీల వెనక కర్నూలు నంబర్లు చూసి నవ్వొచ్చింది. నాకంటే ముందే మా ఊరి ఉల్లి దారి తప్పకుండా ఇక్కడికి చేరింది.

ఒక చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. లోపల ఉప్మా పెట్టి మడిచి, పైన అల్లం పచ్చడి వేసి ఇచ్చారు. మా వైపు ఉగ్గాని తిని పెరిగిన నాలుకకు ఆ పచ్చడిలో తీపి విచిత్రంగా తగిలింది. కారం పక్కన బెల్లం ఉండకపోతే ఇక్కడ ముద్ద దిగదట. హోటలాయన యాభై దాటిన మనిషి, నరసింహమూర్తి గారు. ఏలూరు బస్సుకు ఇంకా టైముందని చెప్పి, తనే వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఏం పని మీద వచ్చారండీ?"

అమెరికా మీద పాఠం రాశానని, ఆ పాఠం చదివిన ఒకామె కోసం వచ్చానని చెప్పాను. ఆయన తలాడించారు.

"అమెరికా మాకు కొత్తేం కాదండీ. యుద్ధం రోజుల్లో మా ఊళ్ళో విమానాలు దిగడానికి రన్‌వే వేశారు. ఇప్పటికీ ఉంది, వడ్లు ఆరబోసుకుంటారు. అక్కడ సోల్జర్లు మిఠాయి విసిరేవాళ్ళని మా అమ్మ చెప్పేది. అమెరికా వాళ్ళో ఇంగ్లీషు వాళ్ళో, మాకు అందరూ దొరలే కదండీ."

తర్వాత బడిలో పెట్టిన ఉప్మా గురించి చెప్పారు. పచ్చటి గోధుమ నూక, వేడినీళ్ళలో కలిపిన పాలపొడి. సంచుల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేదట. ఖాళీ సంచి తెచ్చి వాళ్ళ అమ్మ తమ్ముడికి లాగు కుట్టింది. ఆ లాగు వెనక ఇంగ్లీషులో 'అమ్మకానికి కాదు' అని ఉండేదట. హైస్కూలు మాస్టారు అది చదివి చెప్పాక తమ్ముడు ఆ లాగు తొడగనని నేల మీద పడి ఏడ్చాడట.

"ఒక ఏడాది నూక రావడం ఆగిపోయిందండీ. ఎందుకని అడిగితే ఓడ రాలేదన్నారు. ఓడ ఎందుకు రాలేదో మాకెవరు చెబుతారు?"

నాకు తెలుసు. నా పాఠంలో పదిహేనో పేజీలో ఉంది. వియత్నాం మీద బాంబులు వేయడం తప్పని మన ప్రభుత్వం అన్నందుకు అప్పటి అమెరికా అధ్యక్షుడికి కోపం వచ్చింది. దేశమంతా కరువులో ఉంటే, గోధుమ ఓడలను ఒక్కసారిగా పంపకుండా నెలనెలా కొలిచి వదిలాడు. అది రెండు వాక్యాల్లో రాశాను. ఆ ఓడ కోసం ఎదురుచూసిన కుర్రాళ్ళలో ఒకరు ఇలా నా ముందు పెసరట్ల పెనం వేడి చూసుకుంటూ కూర్చుంటారని రాసేటప్పుడు తట్టలేదు. ఆయనకు చెప్పాను.

"మాట అన్నది ఢిల్లీలోనాండీ?" అన్నారు. "ఆకలేసింది మాకు."

పెసరట్టుకు డబ్బు తీసుకోనంటే బలవంతంగా బల్ల మీద పెట్టి బస్సెక్కాను.

తంగెళ్ళమూడి

ఏలూరు కాలవల ఊరు. ఎటు తిరిగినా ఒక వంతెన దాటాలి. నీళ్ళంటే ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తడమే తెలిసిన నాకు, ఇంత నీరు ఎవరూ పట్టించుకోకుండా ఇళ్ళ పక్క నుంచి పోవడం చూస్తే ఏదో అన్యాయం జరుగుతున్నట్టు అనిపించింది.

రహీమున్నీసా ఇల్లు తంగెళ్ళమూడి వైపు ఒక సన్నటి వీధిలో ఉంది. ముందు గదంతా మగ్గమే. నిలువుగా నిలబెట్టిన మగ్గం, పైనుంచి దారాలు, వాటికి వేలాడే రంగు రంగుల ఉన్ని ఉండలు. ఆమె సన్నగా, పొడుగ్గా ఉంది. మెడలో నల్లపూసలు. నన్ను చూసి ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "బండి దిగడం మర్చిపోయారంట కదండీ, మధ్యాహ్నం నుంచి చూస్తున్నాం" అని నవ్వింది. ఉత్తరంలో ఇచ్చిన పక్కింటి నంబరుకు గూడెం నుంచి ఫోను చేయించాను లెండి.

గదిలో ఒక మూల మస్తాన్ తల్లి హుస్సేన్‌బీ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు ముడులు వేసి వేసి ఆమె చూపు మందగించింది. మనిషి ఆకారం తెలుస్తుంది కానీ ముఖం తెలియదు. నా చెయ్యి పట్టుకుని తడిమి, "అమెరికా గురించి రాసింది మీరేనా అమ్మగారూ?" అంది. మా కర్నూలులో ముస్లిముల ఇళ్ళలో ఉర్దూ వినిపిస్తుంది. ఇక్కడ అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నా తెలుగులోనే, అండీలు పెట్టి పోట్లాడుకుంటారు.

నాకు పప్పు, అన్నం, వంకాయ వేపుడు పెట్టారు. నేను మాంసం తిననని ఫోనులోనే కనుక్కుని, కొత్త గిన్నెల్లో వండారట. ఆ సంగతి పక్కింటావిడ చెప్పింది, వాళ్ళు చెప్పలేదు.

భోజనమయ్యాక రహీమున్నీసా పుస్తకం తీసింది. నా పాఠం అంచులన్నీ పెన్సిలు రాతలతో నిండిపోయి ఉన్నాయి.

"యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెసుదని రాశారు కదండీ. ఇరాక్ మీద ప్రకటించారా?"

"లేదమ్మా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళు ఎవరి మీదా అలా ప్రకటించలేదు. సైన్యాన్ని వాడుకోవచ్చని అధ్యక్షుడికి అనుమతిస్తూ తీర్మానం చేశారు."

"అంటే యుద్ధం ఉంది గానీ ప్రకటన లేదు."

"అంతే."

"మరి ఈయన్ని పంపమన్నది ఏ గడండీ?"

నాకు తెలిసినంత చెప్పాను. వెనకటి యుద్ధాల్లో సైన్యానికి వంట, నీళ్ళు, బట్టలు సైనికులే చూసుకునేవాళ్ళు. ఇప్పుడా పనులు కంపెనీలకు ఇస్తున్నారు. ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇస్తుంది. అది కువైట్‌లో లారీలున్నవాడికి ఇస్తుంది. అతను ఏలూరులో ఏజెంటుకు చెబుతాడు. మన ప్రభుత్వం ఇరాక్ వెళ్ళవద్దన్నా, పాస్‌పోర్టు మీద కువైట్ అని ఉంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే క్లాసులో గొంతులా వినిపించి ఆపేశాను.

రహీమున్నీసా మగ్గానికి గుచ్చి ఉన్న గళ్ళ కాగితం చూపించింది. దాని మీద తివాచీ పువ్వు రంగు రంగు గళ్ళలో గీసి ఉంది.

"మాకు గడంటే ముడండీ. ఒక్కో గడికి ఒక్కో ముడి. ఒకటి వదిలేస్తే అక్కడ చిల్లు పడుతుంది. మీ బొమ్మలో ఈయనకి గడే లేదు."



తర్వాత అసలు బాధ చెప్పింది. కబురు లేకపోవడం ఒకటే కాదు. మస్తాన్‌ను కువైట్ పంపిన ఏజెంటు రెండు నెలల కిందట వచ్చి, వీధిలో నిలబడి, "మీవాడు సరుకుతో సహా బండి వదిలేసి పారిపోయాడంట, కంపెనీవాళ్ళు రాసుకున్నారు" అని అందరూ వినేలా చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి హుస్సేన్‌బీ గడప దాటలేదు. పెళ్ళికి పిలిచినా పోలేదు. మసీదు పెద్దలను అడిగితే వాళ్ళూ ఏం చేస్తారు? బతికున్నాడని తెలియదు, పోయాడని తెలియదు. ప్రార్థన ఏమని చేయాలి?

"మండవల్లి దగ్గర ఏడుకొండలని ఒకాయన ఉన్నాడండీ. అక్కడ ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఫోను చేసినప్పుడల్లా ఈయన 'మా ఏడుకొండలు' అనేవాడు. ఆయన తిరిగొచ్చి మూడు నెలలైందంట. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మా మరిది తీసుకెళ్ళనన్నాడు. పోయి పరువు తీసుకోవడమెందుకన్నాడు. మీరొస్తే..."

మాట పూర్తిచేయలేదు. రేపు పొద్దున్నే పోదామన్నాను.

కొల్లేటి మీదుగా

ఏలూరు నుంచి కైకలూరు పోయే బస్సు కొల్లేటి మధ్యలోంచి వెళుతుంది. సరస్సు అంటే ఎదురుగా ఆకాశమంత నీరు ఉంటుందనుకున్నాను. నాకు కనిపించింది గట్లు. గట్టు, చెరువు, గట్టు, చెరువు. సరస్సును ముక్కలు కోసి చేపలు పెంచుతున్నారు. ముక్కలకూ ముక్కలకూ మధ్య మిగిలిన పాత కొల్లేట్లో తూడు, గుర్రపుడెక్క. దూరంగా గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి. బస్సులో తవుడు బస్తాల మధ్య కూర్చున్నాం. చేపల వాసన, మగ్గిన తవుడు వాసన కలిసి కొడుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న రైతు జేబులోంచి నిమ్మకాయ తీసి ఇచ్చి, "వాసన చూస్తా ఉండండమ్మా, సర్దుకుంటుంది" అన్నాడు. నిమ్మకాయ జేబులో ఎందుకు పెట్టుకున్నారని అడిగితే, పైవూళ్ళ నుంచి వచ్చే చుట్టాల కోసమట.

రహీమున్నీసా దారి పొడవునా కిటికీలోంచి నీళ్ళను చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "అక్కడ ఈయన నీళ్ళు తోలుతున్నానంటే నాకు నవ్వొచ్చేదండీ. ఏలూరోడు ఎడారికి నీళ్ళు మోయడమేంటని" అంది.

కైకలూరులో బస్సు మారి మండవల్లిలో దిగి, షేరు ఆటోలో గట్టు దాకా, అక్కణ్ణుంచి నడక. గట్టు మీద నా కుడికాలి చెప్పు బురదలో కూరుకుపోయింది. లాగితే పట్టీ తెగింది. మిగతా దారంతా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి బురదతో నడిచాను. రహీమున్నీసా తన చెప్పులిస్తానంటే వద్దన్నాను.

ఏడుకొండలు ఒక చేపల చెరువుకు కాపలా ఉంటున్నాడు. గట్టు మీద తాటాకు పాక. మనిషి ముప్పై అయిదేళ్ళవాడు, కానీ చూపు ఒకచోట నిలవదు. మమ్మల్ని చూడగానే ఎవరో తెలిసిపోయినట్టు లేచి నిలబడ్డాడు. అతని భార్య లక్ష్మి చాప వేసి, మజ్జిగ ఇచ్చింది.

"అన్నా, మీరు ఆయనతో ఉన్నారు కదా. ఏం జరిగిందో చెప్పండి" అంది రహీమున్నీసా.

"నాకేం తెలీదండీ. నేను వేరే బండి."

"పారిపోయాడంటున్నారు."

"తెలీదండీ. నేను ముందే వచ్చేశాను."

అతను చెరువు వైపు తిరిగి కూర్చున్నాడు. రహీమున్నీసా ఇంకేమీ అడగలేదు. మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది. చివరికి లక్ష్మి అందుకుంది.

"చెప్పండి. నిద్దట్లో నాకు రోజూ చెబుతున్నారు కదా. ఆవిడకి చెప్పండి."

ఏడుకొండలు మొహం తుడుచుకున్నాడు. ఇటు తిరగకుండానే మొదలుపెట్టాడు.

"బళ్ళన్నీ వరసలో వెళ్ళాలండీ. ముందు సోల్జర్ల జీపు, వెనక సోల్జర్ల జీపు. బయల్దేరే ముందు ఒకటే చెబుతారు. ఏం జరిగినా ఆగకూడదు. ముందు బండి ఆగితే పక్కనుంచి తప్పించుకుని పోవాలి. ఆగితే అందరికీ ప్రమాదమని. ఆ రోజు మస్తాన్ గారి బండి నాకు ముందు మూడోది. టైరు పేలింది. పక్కకి తీశారు. దిగి, రోడ్డు పక్కన నిలబడి, చెయ్యెత్తి ఊపుతున్నారు. మధ్యలో బళ్ళు రెండూ వెళ్ళిపోయినాయి. నేను స్లో చేశానండీ. దేవుడి సాక్షిగా స్లో చేశాను. వెనక నుంచి మైకులో అరుపులు, హారన్లు. ఆయన నన్ను గుర్తుపట్టారండీ. పేరు పెట్టి పిలిచారు. అద్దం ఎత్తి ఉంది, వినపళ్ళేదు. నోరు కదలడం చూశాను."

లక్ష్మి చూపు నేల మీదే ఉంది.

"వెనక జీపు ఎక్కించుకుంటదిలే అనుకున్నాను. అద్దంలో చూస్తే ఇంకా నిలబడే ఉన్నారు. క్యాంపులో లెక్క చూస్తే ఒక బండి తక్కువ, ఒక మనిషి తక్కువ. వెనక జీపోళ్ళకి కూడా ఆగొద్దనే చెప్పారంట. రెండ్రోజులకి అదే దారిన తిరిగొచ్చాం. బండి కాలిపోయి ఉంది. నీళ్ళ సీసాలన్నీ కరిగి ముద్దైపోయినాయి. మనిషి లేడు. చుట్టుపక్కల ఏమీ లేదు. కంపెనీలో అడిగితే, పారిపోయాడని రాసుకున్నాం, నువ్వు నోరు మూసుకో అన్నారు. మూసుకున్నానండీ. ఆరు వారాలు మూసుకుని, ఇంక అక్కడ బండి తోలలేక వచ్చేశాను."

మజ్జిగ గ్లాసు రహీమున్నీసా చేతుల్లో కదలలేదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించింది కాదు.

"ఒంటి మీద ఏ చొక్కా ఉందన్నా?"

"నీలం గళ్ళదండీ."

ఆమె తల ఊపింది. నేను అతని మొహం చూడలేక నీళ్ళను చూస్తున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా తప్పు లేదు. ఏడుకొండలు కూడా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు తల దించుకుని ఉన్నాడు.

"మీరు ఆగుంటే," అంది రహీమున్నీసా, "ఇవాళ ఇలా వెతుక్కుంటూ ఇద్దరం ఉండేవాళ్ళం. నేనూ, మీ ఆవిడా."

ఏడుకొండలు అప్పుడు ఏడ్చాడు. గట్టు మీద బోర్లా పడి, మట్టి పిడికిట పట్టుకుని ఏడ్చాడు. అవతలి గట్టు మీద తవుడు చల్లుతున్న ఇద్దరు మనుషులు పని ఆపి చూశారు.

కొంత సేపటికి, చెప్పినదంతా కాగితం మీద పెడితే సంతకం చేస్తారా అని అడిగాను. ఏజెంటు ఊరుకోడన్నాడు. తమ్ముణ్ణి కూడా అతనే కువైట్ పంపాడట. లక్ష్మి నా చేతిలో పెన్ను తీసుకుని అతని చేతిలో పెట్టింది. "పెట్టండి. తర్వాత సంగతి తర్వాత." నేను రాసిన రెండు పేజీల కింద, ఏడుకొండలు పదోతరగతి అక్షరాలతో తన పూర్తి పేరు రాశాడు.

అన్నం తిని వెళ్ళమన్నారు. చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది. నేను మజ్జిగన్నం తిన్నాను. రహీమున్నీసా పులుసు వేసుకుని, రెండోసారి కూడా వడ్డించుకుని తింది. ఆ ఇంట్లో తినకుండా లేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

తిరుగు బస్సు

కైకలూరులో తెగిన చెప్పు కుట్టించుకున్నాను. కుట్టినాయన రెండు రూపాయలు తీసుకుని, "పైనుంచొచ్చినోళ్ళందరి చెప్పులూ కొల్లేరు ఒకసారి అడుగుద్దండీ" అన్నాడు. వేరే రోజైతే నవ్వేదాన్ని.

బస్సులో రహీమున్నీసా చెబుతుంటే నేను నోట్సు రాసుకున్నాను. ఆ తర్వాత నెల రోజుల్లో ఇంగ్లీషులో అయిదు ఉత్తరాలు తయారుచేశాం. ఏడుకొండలు చెప్పిన మాటలు, సంతకం జతచేశాం. ఎవరెవరికి పంపామో పేర్లు పెట్టను. నా బొమ్మలో పైనుంచి కిందికి వరసగా పంపామంటే చాలు. మూడింటికి జవాబు రాలేదు. రెండింటికి మర్యాదగా, సానుభూతితో, ఈ విషయం మా పరిధిలోది కాదు, ఫలానా వారిని సంప్రదించండి అని వచ్చింది. ఆ ఫలానా వారు ఇంకొకరిని చూపించారు. చివరి బాణం కువైట్‌లో లారీల కంపెనీ దగ్గర ఆగింది. అది పేరు మార్చుకుంది. కొత్త పేరున్న కంపెనీ చాలా నెలల తర్వాత ఒకే ఒక్క వాక్యం పంపింది. పాత రికార్డులో 'పారిపోయినవాడు' అని ఉన్నచోట 'ఆచూకీ లేనివాడు' అని దిద్దుతున్నామని. మా అందరి కష్టానికీ దొరికింది ఆ ఒక్క మాట మార్పు. మస్తాన్ సంగతి ఈ రోజు వరకూ ఎవరికీ తెలియదు.

పాఠం తిరగరాస్తానని పుస్తకం వేసినవాళ్ళను కూడా అడిగాను. ఒక పేజీ ఎక్కువ కావాలన్నాను. సిలబస్‌లో లేదన్నారు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం బస్సు ఏలూరు పొలిమేర చేరుతుండగా రహీమున్నీసా నా వైపు తిరిగి, "మేడం గారూ, మా అత్తమ్మకి నేనే చెబుతాను. మీరేం అనకండి" అంది. సరేనన్నాను.

హుస్సేన్‌బీ

ఇంకా వెలుతురుంది. హుస్సేన్‌బీ మగ్గం పక్కనే కూర్చుని ఉంది. మా అడుగుల చప్పుడు విని, గోడ పట్టుకుని సగం లేచింది.

"ఏమన్నాడమ్మా ఆ మండవల్లి అబ్బాయి?"

రహీమున్నీసా ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది.

"చూశాడంట అత్తమ్మా."

"మావాణ్ణేనా?"

"ఆయన్నే. పారిపోలేదంట. బండి పాడైతే, అందరూ వెళ్ళిపోయినా, ఈయన బండి దగ్గరే నిలబడ్డాడంట."

"నిలబడ్డాడా?"

"నిలబడ్డాడంట. ఏడుకొండల్ని చూసి చెయ్యి ఊపాడంట. పేరు పెట్టి పిలిచాడంట."

ముసలావిడ పెదవులు ఆ మాటలనే మెల్లగా మళ్ళీ అనుకుంటున్నాయి. తర్వాత, "నాకు తెలుసు. బండి వదిలే మనిషి కాదు వాడు" అంది. కొంగు తలమీదికి లాక్కుంది. గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, కాలు బయట పెట్టింది.

"ఏవమ్మా, విన్నావా? మావాడు పారిపోలేదంట. చూసినోళ్ళున్నారు. చెయ్యి ఊపాడంట."

పక్కింటావిడ ఏదో అంది. హుస్సేన్‌బీ అక్కడితో ఆగలేదు. గోడ వెంబడి రెండో ఇంటికి, ఆ తర్వాత మూడో ఇంటికి వెళ్ళింది. ప్రతి గుమ్మం ముందూ ఆమె గొంతు వినిపిస్తోంది. "నిలబడ్డాడంటమ్మా. బండి దగ్గరే నిలబడ్డాడంట."

రహీమున్నీసా చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఆమె వైపు చూశాను. నోట్లో కొంగు కుక్కుకుని, రెండు చేతులతో మగ్గం దారాలు పట్టుకుని, వీధి చివరిదాకా పోతున్న ఆ గొంతు వింటోంది.